వేళ కాకుండానే పడ్డ బంతి

గ్రీనిచ్, 1891 నవంబరు

అత్తయ్యా, ముందీ మాట చదవండి: మీ అబ్బాయి బతికే ఉన్నారు, ఎడమ మణికట్టు మాత్రం విరిగింది.

నిన్న పెనుగాలి. వేధశాల కప్పు మీద టైము చూపే బంతి తాడు ఇరుక్కుంటే విడిపించడానికి ఈయన ఎక్కారు. లోకమంతా టైము దిద్దుకునే సున్నా గీత మా కొండ మీదే కదా, ఒంటిగంటకు ఆ ఎర్ర బంతి స్తంభం మీంచి జారడం కోసం రోజూలాగే కంచె దగ్గర జనం గడియారాలు పట్టుకుని నిలబడ్డారు. ఈయనకు రొట్టెల మూట తీసుకుని నేనూ అక్కడే ఉన్నాను. వేళ కాకముందే గాలికి స్తంభం విరిగి బంతి కింద పడింది. ఆ దెబ్బకు కాలు జారి ఈయన పిట్టగోడ పట్టుకుని వేలాడుతున్నారు. బంతి కదలగానే అందరూ అలవాటుగా గడియారాల మీదికి తలలు వంచేశారు. పైకి చూసినవాడు ఒక్కడు లేడు.

నా పక్కనే నిలబడ్డ ప్రింగిల్ అనే ఓడ కెప్టెన్‌ని పట్టి కుదిపాను. "అయ్యా, మా ఆయన వేలాడుతున్నాడు."

"ఉండమ్మా, ముల్లు తిప్పుకోనీ. ఖర్మ, నాది వెనకబడింది."

రొట్టెల మూటతో నెత్తిన ఒక్కటేస్తే అప్పుడు తలెత్తాడు. తర్వాతే నిచ్చెన వచ్చింది.

మామయ్య పాత ఉన్ని శాలువా పంపండి, చెయ్యి కట్టుకు కావాలి. అక్కడి గాలికి ఆల్చిప్పలు పట్టే మన పడవ నిలిచిందా? పిల్లలకు ముద్దులు.

ఇవాళ ప్రింగిల్ పరామర్శకు వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, గడియారం బయటికి తీసి, "బంతి పడేసరికి సరిగ్గా టైమెంతయిందయ్యా?" అన్నాడు.

"అప్పుడు వేలాడుతున్నానండీ, చూసుకోలేదు" అన్నారు ఈయన.

మీ కోడలు,
హెస్టర్