సగం గోడ

అన్నయ్యకు,

పార్లమెంటుకు నిలబడ్డ మన ఊరి నర్సు కోసం ఇంటి గోడ మీద మేం రాసిన రాత చెరపకపోతే, మీ మిల్లు యజమాని నీ ఉద్యోగం తీసేస్తానన్నాడని రాశావు. ఇల్లు పంచుకున్నప్పుడు గోడ కూడా పంచుకున్నాం. నీ సగానికి నేనే సున్నం కొట్టాను. "మిల్లు కూలి పెరగాలంటే" అన్నది పోయింది. నా సగంలో "నర్సుకే ఓటు" మిగిలింది.

ఇప్పుడు దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"ఎందుకు వెయ్యాలట?" అన్నాడు పాలాయన.

"ఆ సంగతి మా అన్న సున్నం కింద ఉంది. కూర్చో బాబాయ్, చెప్తా" అన్నాను. కూర్చున్నాడు.

నీ పిల్లల నోటికాడ కూడు లాగేయడం నాకిష్టం లేదు. యజమాని అడిగితే నీ వైపు తెల్లగా ఉందని చెప్పు. నా వైపు కూడా చెరపాలంటే ఆయన్నే కుంచె పట్టుకుని రమ్మను. గుమ్మంలోనే ఉంటాను.

నీ చెల్లెలు