చదవని మూడో పేజీ

మంగళవారం,
మధ్యాహ్నం మూడు గంటలు.

చిరంజీవి తమ్ముడికి,

అక్క రాయునది. చిరంజీవి అన్నది అలవాటుకొద్దీ పడింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేశాను. ఇక్కడ మేమెవ్వరం క్షేమంగా లేము. నీ క్షేమం అడగాలని కూడా లేదు.

ఈ ఉత్తరం నేనొక్కదాన్నే రాస్తున్నాననుకోకు. నా కుట్టుమిషను చుట్టూ వీధి సంఘం వాళ్లు ఎనిమిది మంది కూర్చున్నారు. అమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. ఒక్కో మాటా పైకి చదివి, వాళ్లు సరేనన్నాకే తరువాతిది రాస్తున్నాను.

దేశదేశాల నాయకులు కూడే సభలో మన వీధికి మూడు నిమిషాలిచ్చారని తెలిసిన రోజు, ఆ సభలో మైకులు చూసుకునేది నువ్వేనని అమ్మ ఎంత పొంగిపోయిందో! ఒకే కడుపున పుట్టినవాళ్లలో ఒకరు మాట్లాడతారు, ఒకరు వినిపిస్తారు అని ఇంటింటికీ వెళ్లి చెప్పుకుంది. చిన్నప్పుడు నువ్వు పక్కిళ్ల రేడియోలు విప్పి పడేస్తే నీ బదులు తిట్లు తిన్నది నేను. నిన్ను ‘రేడియో’ అని పిలిచింది ముద్దుకే. ఇప్పుడా పేరెత్తితే జనం ఉమ్మేస్తున్నారు. పాలు పోసి పామును పెంచామని అమ్మ అంటోంది.

అలాంటి చోటికి వెళ్లడం నాకదే మొదలు. నేను అలవాటుగా దుస్తులకు గుచ్చుకున్న గుండుసూదులను గేటు దగ్గర ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసుకున్నారు. లోపల తివాచీ ఎంత మందమంటే, నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. ఒక్కో నాయకుడి ముందు పేరు పలక, నీళ్ల సీసా, చెవికి తగిలించుకునే యంత్రం. నేను నిలబడిన బల్ల మీద రెండు దీపాలు. పచ్చది వెలిగితే మొదలుపెట్టాలి, ఎర్రది వెలిగితే ముగించాలి. ఎదురుగా పైన, అద్దాల గదిలో నువ్వు.

మొదటి పేజీలో పాత బ్యాటరీలు కరిగించే కొలిమి గురించి చదివాను. రెండో పేజీలో మన పిల్లల రక్తంలో చేరిన సీసం గురించి, పొద్దున నేర్చుకున్న ఎక్కం సాయంత్రానికి మరిచిపోయే నా కూతురి గురించి చదివాను. ముందు వరుసలో ఒక నాయకురాలు కలం పక్కన పెట్టి మరీ విన్నది. మూడో పేజీ తిప్పాను. ఆ కొలిమి ఎవరిదో, మూసేయమని ఉత్తర్వులొచ్చినా ఎవరి అండతో మండుతోందో ఉన్నది ఆ పేజీలోనే. వీధి నన్ను అంత దూరం పంపింది అది చదవడానికే.

అప్పుడు ఎర్ర దీపం వెలిగింది, మైకు ఆగిపోయింది. తలెత్తి చూస్తే నువ్వు రెండు చేతులూ పైకెత్తి చూపించావు, నా చేతుల్లో ఏముంది అన్నట్టు. సొంత అక్క గొంతు నొక్కి చేతులు దులుపుకున్నావు. నేను కాగితాలు మడుచుకుని దిగి వచ్చేశాను.

ఆ తరువాత నువ్వు ఒక్క ముక్క రాయలేదు. తప్పు చేసినవాడికి నోరెలా పెగులుతుందని సంఘం పెద్దాయన అడుగుతున్నారు. నీ ఉద్యోగం పోయిందని విన్నాం. తగిన శాస్తి అని కూడా రాయమన్నారు, రాశాను. అమ్మ నీ కంచం అటకెక్కించింది. తను పోయినా నీకు కబురు పెట్టొద్దంది. ఇక ఈ గడప తొక్కకు.

ఇట్లు,
వరస తెంచుకోలేక సంతకం చేస్తున్న
నీ అక్క.

తా.క. ఇది పోస్టాఫీసులో, జిగురు డబ్బా పక్కన నిలబడి రాస్తున్నాను. పైదంతా వాళ్లు విన్నారు. ఇది ఎవరూ వినలేదు.

మైకు ఆగలేదురా. ఎర్ర దీపం వెలిగాక కూడా నా ఊపిరి హాలంతా వినపడింది. నువ్వు చేతులెత్తింది, ‘మీటల మీద చెయ్యి వేయడం లేదక్కా, చదువు’ అని చెప్పడానికి. అది నాకు అక్కడే అర్థమైంది. కానీ మన దేశ నాయకుడి వెనక కుర్చీలో కొలిమి ఓనరు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, బాగున్నావా అన్నట్టు నవ్వి తలాడించాడు. మీ బావ పనిచేసేది అతని దగ్గరే కదా. ఆ పేజీ చదవకుండా నేనే మడిచేశాను.

నువ్వు నిమిషం పైగా మైకు తెరిచే ఉంచావు. నీ ఉద్యోగం పోయింది అందుకే. ఇంటికొచ్చి మైకు ఆపేశారని చెప్పాను. ఎవరు ఆపారని ఎవరూ అడగలేదు. నీ పేరు నేనే చెప్పాను. అంత మాట పడి కూడా నువ్వు నన్ను బయటపెట్టలేదు. నాకు సిగ్గుగా ఉంది తమ్ముడూ.

శుక్రవారం సాయంత్రం బడి ఆవరణలో సంఘం మీటింగు ఉంది. ఓనరు మనుషులూ వస్తారు. మూడో పేజీని ఈ ఉత్తరంలోనే పెట్టి పంపుతున్నాను. నా దగ్గరుంటే చించేస్తానేమోనని భయంగా ఉంది. వీధిలో అడుగుపెడితే నీ మీద రాళ్లు పడతాయేమో, అయినా రా. మైకుతో పాటు ఈ ఉత్తరం, ఆ పేజీ తీసుకురా. ముందు ఈ తా.క. చదువుతాను, తరువాత ఆ పేజీ. ఈసారి కూడా నా గొంతు ఆగిపోతే, రెండూ నువ్వే చదివెయ్.