పదిహేడో నంబరు సీసా

మార్చి 11, మంగళవారం
ల్యాబు క్యాంటీను నుంచి

అక్కకు నమస్కారాలు.

నువ్వు, బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. జుట్టు సగం నెరిసింది, ధైర్యం మాత్రం ఈ మధ్యే వచ్చింది.

తొమ్మిదేళ్ల తర్వాత ఈ ఉత్తరమేమిటని చింపెయ్యకు. చింపినా నాకేం బెంగ లేదు, నకలు తీసిపెట్టుకున్నాను, మళ్లీ పంపిస్తాను. అడ్రసు ఇచ్చింది బావే. ఆయన మీద విరుచుకుపడకు, నేనే వెంటపడి అడిగాను. నువ్వు గిడ్డంగిలో అట్టపెట్టెలకు టేపు వేసే పనిలో చేరావని కూడా ఆయనే చెప్పారు. నూట ఎనభై ఆరు గొర్రెలను పేరుపేరునా పిలిచిన మనిషివి, ఇప్పుడు పెట్టెల మీద నంబర్లు చదువుకుంటున్నావట.

మనిద్దరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. నీ మందను చంపించిన రిపోర్టు మీద సంతకం నాది. మందలో ముసలి గొర్రె బుంగమూతి ఒక్కటే తూలి పడింది. దాని మెదడు మా ల్యాబుకు వచ్చింది. మెదడును తినేసే గోకుడు జబ్బు ఉందని తేలింది. అంటుజబ్బు కాబట్టి దొడ్డి మొత్తం ఖాళీ చెయ్యాలన్నారు. నువ్వు గేటుకు అడ్డంగా నిలబడి, మిగతావాటిలో ఒక్కటీ గోక్కోవట్లేదు, ఒక్కటీ తూలట్లేదు, ఒక్క ముసలిదాన్ని చూసి అన్నిటినీ ఎలా చంపుతారని అడిగావు. అది చదువుకున్నవాళ్లకు తెలుస్తుందిలే అన్నాను నేను. అప్పుడు నన్ను పిరికిగొడ్డు అన్నావు. చిన్నప్పుడు పొట్టేలును చూసి నేను గోడ ఎక్కేసినప్పుడు కూడా అదే మాట అనేదానివి, కానీ నవ్వుతూ అనేదానివి.

నిజానికి ఆ జబ్బులో రెండు రకాలున్నాయి. మామూలు రకం మందంతా పాకుతుంది. రెండోది అరుదైనది. ముసలి గొర్రెకు దానంతటదే వస్తుంది, పక్కదానికి అంటదు. పైకి తేడా తెలియదు. మెదడులో చెడిపోయిన ప్రోటీనును ముక్కలు చేసి జెల్ పలక మీద కరెంటు పెట్టి పరుగెత్తిస్తే, బరువును బట్టి గీతలు పడతాయి. మామూలు రకానికి గీతలన్నీ పైభాగంలోనే ఉంటాయి. అరుదైన రకానికి బాగా అడుగున ఇంకో గీత కనిపిస్తుంది. అది కూడా మెదడు కాడలో కన్నా చిన్నమెదడులోనే స్పష్టంగా దొరుకుతుంది. ఆ రోజు మేము చూసింది కాడను మాత్రమే.

గీతల పరీక్ష అప్పటికే మా దగ్గర ఉంది. నాలుగైదు రోజులు పడుతుందంతే. నేను అడగలేదు. అక్క మంద కాబట్టి సాగదీస్తోందని అంటారేమోనని భయపడ్డాను. న్యాయంగా కనబడాలన్న తాపత్రయంలో అందరికన్నా ముందు సంతకం గీకేశాను.

పోయిన నెల ఒక ముసలి కాపరి వచ్చాడు. నీడలో కూడా టోపీ తియ్యడు, అందుకని మేమంతా టోపీ తాత అంటాం. ఆయనకు రెండు వందల గొర్రెలు, వాటిలో ఒక ముసలిది తూలింది. మా పెద్దసారు మామూలు రకమని రాసిన కాగితం నా ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. కౌంటరు అవతల టోపీ తాత, మిగతావన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా అన్నాడు. పొల్లుపోకుండా నీ మాటే. నేను పెన్ను కింద పెట్టేశాను.

గీతలు చూడకుండా సంతకం పెట్టనన్నాను. పైనుంచి ఆ పరీక్ష అడగలేదన్నారు సారు. నేను అడుగుతున్నానండి అన్నాను. నువ్వు కాకపోతే ఇంకొకరు పెడతారన్నారు. పెట్టనివ్వండి, నేనెందుకు పెట్టలేదో రిజిస్టరులో రాస్తానన్నాను. చివరికి చిన్నమెదడు తీసి పరీక్ష చేయించాను. ఐదో రోజున అడుగున గీత కనిపించింది. టోపీ తాత మంద దొడ్డిలోనే ఉంది.

ఆ రోజే డీప్ ఫ్రీజరు కింది అర తెరిచాను. తొమ్మిదేళ్ల నాటి పెట్టెలో పదిహేడో నంబరు సీసా బుంగమూతిది. చిన్నమెదడు చెక్కుచెదరకుండా ఉంది. మూసేసిన ఫైలు తవ్వి ఏం సాధిస్తావని సారు అడ్డుపడ్డారు. చచ్చిన గొర్రెలు లేచి రావు కదా అన్నారు. రావు, మా అక్క బతికే ఉందండి అన్నాను. ఉద్యోగం మీద ఆశ లేదా అన్నారు. ఉంది కాబట్టే ఈసారి పని సరిగ్గా చేస్తానంటున్నానని చెప్పాను.

మొన్న శుక్రవారం పరీక్ష మొదలుపెట్టాను. పక్షపాతమని ఎవరూ నోరెత్తకుండా, నంబర్ల మీద కాగితం అంటించి, గీతలు చదివే పని మా ల్యాబులో మైక్రోస్కోపు చూసే ఆవిడకు అప్పగించాను. ఫలితం రేపు వస్తుంది. అది తెలియకముందే ఈ ఉత్తరం రాయాలనుకున్నాను. అడుగున గీత లేకపోతే నా సంతకం సరైనదే అవుతుంది, గేటు దగ్గర నిన్ను అన్న మాట మాత్రం అప్పుడూ తప్పే. గీత ఉంటే, ఎవరు కాదన్నా పై ఆఫీసుకు రాస్తాను. ఏది తేలినా నీకు దాచను.

క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తావేమోనని నా భయం. నువ్వు పైకే గట్టిదానివి.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
ఒకప్పటి పిరికిగొడ్డు,
నీ చెల్లెలు

తా.క. బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలు. కాగితాలు తీసి చూశాం. పదిహేడో నంబరుకు అడుగున గీత ఉంది. బుంగమూతి జబ్బు బుంగమూతితోనే పోయేది, అక్కా. మిగతా నూట ఎనభై అయిదింటిలో ఒక్కటీ చావక్కర్లేదు.

పై ఆఫీసుకు పంపుతున్న రిపోర్టు నకలు ఈ కవరులోనే పెట్టాను. చివరి వాక్యం చూడు. మంద యజమానురాలు ఆ రోజే అభ్యంతరం చెప్పారు, ఆమె చెప్పిందే నిజం, వినకుండా సంతకం చేసింది నేను అని రాశాను. రిపోర్టుల్లో ఇలాంటివి ఉండవు, కొట్టెయ్యమని సారు తన పెన్ను తీసి ఇచ్చారు. ఆ పెన్నుతోనే దాన్ని అండర్‌లైన్ చేసి, ఆయన చేతికే తిరిగి ఇచ్చాను.