సుద్దముక్క ముట్టను

అక్టోబర్ 6, సోమవారం. పొద్దున 7.00
ఈరోజు నుంచి సుద్దముక్క ముట్టను! ప్రమాణం!
పత్తికొండ టమోటా మార్కెట్లో కంబన్న మండీకి నేను, అంటే జావేద్, గుమాస్తాని. మొదటి వేలం రేటు బోర్డు మీద రాసి, ఫొటో తీసి, రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం నా పని. అది చూసే కాయ కోయాలా వద్దా తేల్చుకుంటారు. పెట్టిన మరుక్షణం ఫోన్లు: "అది మూడా, ఎనిమిదా?"
ఇక ఆ గోల లేదు. నిన్న వీడియో చూసి నేర్చుకున్నా. లాప్‌టాప్‌లో టెర్మినల్ అనే నల్ల తెర తెరవాలి. రేట్ల ఫైలు పేరు, ఒక నిలువు గీత, ఒక కమాండు. ఎంటర్! ఫైలు ఇంటర్నెట్‌లోకి ఎక్కి, చిన్న లింకు తిరిగొస్తుంది. నొక్కితే అచ్చు అక్షరాల్లో రేటు.

7.40
లింకు పెట్టా. అందరూ చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు. ఆశ్చర్యంతో నోట మాట రాలేదు పాపం.

అక్టోబర్ 7
కంబన్న ఫోన్.
"ఏమప్పా జావేదూ, రేటు యాడ పెట్నావు? ఈడ ఇంగ్లీషు ముక్క ఉండాది."
"అదే లింకన్నా. నొక్కు."
"నొక్కితే దుడ్లు పోతాయని టీవీలో చెప్తాండారు కదప్పా!"
ముక్కూ మొహం తెలియనివాళ్ల గుడ్ మార్నింగ్ పూల బొమ్మలన్నీ నొక్కే మనిషి ఈయన.

అక్టోబర్ 8
అమ్మ ఫోన్. "నాయనా, పత్తికొండలో ఎవరో దొంగ లింకులు పంపుతాండారంట. నొక్కొద్దు."
ఆరా తీస్తే, ఆ హెచ్చరిక వాట్సాప్‌లో రాసింది కంబన్నే. నా లింకు మీద నా యజమాని రాసింది ఊరంతా తిరిగి మా ఇంటికొచ్చింది. దాన్ని మాత్రం అందరూ చదివారు.

అక్టోబర్ 9
తొందరలో వేరే కమాండు కొట్టా. రేట్లకు బదులు నా లాప్‌టాప్‌లోని సినిమాల పేర్లన్నీ లింకులోకి ఎక్కాయి. తప్పు నాది కాదు, నెట్టు స్లో. ఎవరూ గమనించలేదు. లింకు నొక్కని జనం మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

అక్టోబర్ 10. సాయంత్రం
రేటు కూలిపోయింది. పొద్దున్నే లింకు పెట్టి, నా పనైపోయిందనుకున్నా. మధ్యాహ్నం పక్క పల్లె హనుమమ్మవ్వ ఆటో నిండా గంపలతో దిగింది.
"నువ్వు రేటు రాసింటే కోసేదాన్నే కాదు కదప్పా."
"లింకు పెట్టినా కదవ్వా."
"బోర్డు మీద నీ వంకర రాత చూస్తే నువ్వేనని తెలుస్తాది. ఆ ఇంగ్లీషు ముక్క యా దొంగోడిదో నాకేం ఎరుక?"
ఆటో బాడుగ కూడా రాలేదు. సగం కాయ మార్కెట్ గేటు బయట ఆవులకు పోసి వెళ్లిపోయింది. సిగ్గేసింది.

అక్టోబర్ 11
సుద్దముక్క ముట్టా. బోర్డు, ఫొటో, గ్రూపు. వరసగా దండం బొమ్మలు! పండగ మాదిరి! "అది మూడా, ఎనిమిదా?" అని ఫోన్లు. హనుమమ్మవ్వకు నేనే ఫోన్ చేసి రేటు చదివి వినిపించా.

అక్టోబర్ 13, సోమవారం. 7.00
మళ్లీ టెర్మినల్! ఈసారి వెనక్కి తగ్గేది లేదు. లోపం దొరికింది. జనానికి నా చేతిరాత మీద నమ్మకం, అంతే కదా? లింకును సుద్దముక్కతో బోర్డు మీద గుండ్రంగా రాసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టా. ఇన్నాళ్లూ ఈ బుర్ర ఎక్కడ దాక్కుందో!

7.25
హనుమమ్మవ్వ ఫోన్.
"నీ రాతేనప్పా, గుర్తుపట్టినా. అప్పట్నుంచి నొక్కుతానే ఉండా. బొమ్మ పెద్దదైతాండాది గానీ రేటు రాలే. కోయాల్నా, వద్దా?"