నూనె రకం తెలుపగలరు

సముద్ర భద్రతా కార్యాలయం ఫిర్యాదుల గుమాస్తా గారికి,

నమస్కారం. నేను రేవు పక్క వీధిలో వలలు బాగుచేసుకుని బతికేదాన్ని. అందరూ వలలత్త అంటారు. సముద్రంలో దూరంగా ఇనుప కట్టడం వేసి నూనె తోడుతున్నారు కదా, అక్కడేదో పగిలింది. తొమ్మిది రోజులుగా నీళ్ల మీద నల్లటి నూనె తేలుతోంది. వల ముంచితే తారు పూసినట్టు వస్తోంది. కిరసనాయిలు పోసి ఎంత రుద్దినా ముడుల్లోంచి వదలడం లేదు. వేటకి వెళ్లేవాళ్లు లేరు. వీధిలో ఏడిళ్లుంటే అయిదింటికి తాళాలు పడ్డాయి. ఎవరినైనా పంపించి చూడండి.

ఇట్లు,
వలలత్త

తా.క. నిన్న గుమ్మంలో కాకి కూర్చుందని కసిరాను. కదల్లేదు. తీరా చూస్తే అది కాకి కాదు, తెల్లగా ఉండాల్సిన సముద్రపు పక్షి.

*

అయ్యా,

నూనె గురించి తమరు రాసిన లేఖ అందింది. అది వేరుశనగ నూనో నువ్వుల నూనో తెలుపలేదు. కల్తీ అని అనుమానం ఉంటే, కొన్న అంగడి చీటీ జతచేయగలరు.

భవదీయుడు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. కాకి కాని పక్షి ఇప్పుడెలా ఉందో తెలుపలేదు. ఫైలు పూర్తి కావడానికి ఆ వివరం అవసరం.

*

గుమాస్తా గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. వేరుశనగేమిటండీ! సీసాలో పట్టి పంపిస్తున్నాను, మూత తీసి వాసన చూడండి.

మొన్న నూనె కంపెనీవాళ్లు తెల్లబట్టలేసుకుని వచ్చారు. "ఇది నాచమ్మా, ఎండకి నల్లగా కనిపిస్తోంది" అన్నాడు వాళ్లలో పెద్దాయన. అంటూనే కాలు జారి అందులోనే కూలబడ్డాడు. లేచాక వెనకవైపు చూసుకోమన్నాను. చూసుకోలేదు.

మా తోడికోడలు కూడా నిన్న ఇల్లు తాళం వేసి, కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. "రా అక్కా, ఒక్కదానివీ ఏం చేస్తావిక్కడ?" అంది. వలలన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఎలా వెళ్లను? ఇప్పుడు వీధికంతా నేనొక్కదాన్నే. గిన్నె కింద పడితే ఆ చప్పుడు వీధి చివరిదాకా వెళ్లి తిరిగొస్తోంది.

ఇట్లు,
వలలత్త

తా.క. నేను అయ్యని కాను. పక్షిని సబ్బుతో కడిగాను. కృతజ్ఞతగా నా వేలు కొరికింది.

*

అమ్మా,

సీసా అందింది. తలనూనెకు ఉండవలసిన సువాసన ఇందులో లేనందున అమ్మకానికి అనుమతి ఇవ్వలేము. తయారీదారు తమరే అయితే ఫారం తొమ్మిది నింపి పంపగలరు.

భవదీయుడు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. సీసా నా బల్ల మీదే ఉంది. మూత వదులు. ఈ గదిలో మిగతా కుర్చీలు ఖాళీ గనుక ఎవరికీ ఇబ్బంది లేదు. వేలికి ఏ మందు రాశారో తెలుపగలరు.

*

ఓ గుమాస్తా,

నువ్వు మనిషివా, రబ్బరు స్టాంపువా? నేను తలనూనె వ్యాపారం పెట్టానా! రోడ్డు మీద ఊళ్లవాళ్లంతా అట్టలు పట్టుకుని అరుస్తున్నారు. పత్రికలవాళ్లు వచ్చి, "ఫిర్యాదు చేశారా పెద్దమ్మా?" అని అడిగారు. "చేశాను, ఫారం తొమ్మిది అడిగారు" అన్నాను. అందరూ నవ్వారు. ముందు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఏడుపొచ్చింది.

నెలన్నర నుంచి ఇంట్లో నేను మాట్లాడేది రెండింటితోనే. ఒకటి ఈ పక్షి, రెండోది నీ ఉత్తరాలు. తెలివి పక్షికే ఎక్కువ.

వలలత్త

తా.క. వేలికి పసుపు రాశాను. అడిగింది నువ్వొక్కడివే కాబట్టి చెబుతున్నాను.

*

అమ్మా,

ఇది ఆఫీసు కాగితం కాదు. ఆఫీసు నుంచి వెళ్లే ప్రతి కవరూ పైవాళ్లు విప్పి చూస్తారు. అందుకే ఇన్నాళ్లూ నిజం రాయలేకపోయాను. ఇది నా గదిలో కూర్చుని రాస్తున్నాను.

మీ మొదటి ఉత్తరమే నాకు పూర్తిగా అర్థమైంది. అర్థమైన ఫిర్యాదును అదే రోజు కంపెనీకి పంపాలి. వాళ్లు "లీకు లేదు" అని రాస్తారు, మేము స్టాంపు వేసి ఫైలు మూస్తాం. ఆ కట్టడం తనిఖీ నివేదికలు కూడా వాళ్లే రాసి పంపుతారు. మా కార్యాలయానికి పడవే లేదు. నాలుగేళ్లుగా ఆ స్టాంపు వేసింది నేనే. మీకంటే ముందు ఇదే నూనె గురించి పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. పదకొండూ మూశాను. పన్నెండోది చేతులాడక మూయలేకపోయాను.

సందేహం తీరని ఫైలును మూయకూడదని ఒక రూలుంది. అరవై రోజులు దాటితే బహిరంగ విచారణ పెట్టాలి. అందుకే మీకు తలనూనె అంటగట్టాను.

నిన్న విచారణ జరిగింది. నోటీసు మా మెట్ల కింద అంటించారు, ఎవరూ చూడరని. మీ దగ్గరికొచ్చిన పత్రికలవాళ్లు చూశారు. హాలు కిక్కిరిసింది. కంపెనీ పెద్దాయన లేచి "నాచు" అన్నాడు. నేను సీసా మూత తీశాను. ముందు వరుస మొత్తం ముక్కులు మూసుకుంది. మరమ్మతు అయ్యేదాకా సముద్రంలోని ఆ నూనె బావి మూయమని సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. వలలు పాడైనవాళ్లందరి పేర్లూ రాసుకోవడానికి వచ్చే వారం మీ వీధికి మనుషులొస్తారు.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. ఫైలు తెరిచి ఉంచడానికి ఒక్క సందేహం చాలు. పక్షి గురించీ, వేలి గురించీ అడగనక్కర్లేదు. మళ్లీ మీ ఉత్తరం వస్తుందని అడిగాను. మీకు కోపం తెప్పించినందుకు క్షమించండి.

మీ
గుమాస్తా

తా.క. రేపటినుంచి నన్ను పాత కాగితాల గదికి మార్చారు. అక్కడికి ఉత్తరాలు రావు. కవరు వెనక నా ఇంటి అడ్రసు రాశాను. ఫిర్యాదేమీ లేకపోయినా రాయవచ్చు.