ఆగి ఆగి నడిచిన మగ్గం

ఆదోని,
ఆగస్టు 4

ప్రియమైన నాయనకు,

ఫోన్‌లో అయితే నువ్వు ‘ఊఁ’ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. నా జబ్బు మీద నేనే తీసుకున్న సినిమా పూర్తయింది. పదిహేడున ఇక్కడ ఆదోనిలో వేస్తున్నాం. తమ్ముడు రాఘవేంద్ర ఫోన్‌లో ఉంది, ముందు నువ్వు చూడాలి. వద్దంటే నీ ముఖం ఉన్న చోటల్లా తీసేస్తాను. అప్పుడు మిగిలేది సగం సినిమానే.

రెండేళ్ల కింద రొమ్ములో గడ్డ అని తెలిసినప్పటి నుంచి నీమీద కోపం దాచుకున్నాను. కర్నూలు ఆసుపత్రిలో ఆరుసార్లు మందు ఎక్కించారు. ఆరుసార్లూ అమ్మే వచ్చింది. నేను కెమెరా పట్టుకున్నందుకు “రోగాన్ని ఊరికంతా సూపిచ్చుకుంటారా?” అన్నావు, అంతే, మాటలు బందు. జుట్టంతా రాలిన గుండు మీద ఏది కట్టినా గుచ్చుకుని ఏడుస్తుంటే, అమ్మే ఎక్కడో మెత్తటి గుడ్డలు కొనుక్కొచ్చింది. నువ్వేమో మగ్గం గుంతలోంచి లేవలేదు. ఒకరోజు ఫోన్ అక్కడ పెట్టి తీశాను. మగ్గం కాస్త నడవడం, ఆగడం. దాని మీద నా గొంతుతో, మా నాయన కోపంతో మగ్గం కూడా సరిగ్గా నేయలేకపోయాడని చెప్పాను. నీకు బాధ కలగాలనే చెప్పాను.

నీ కూతురు,
సంతోషి


ఎమ్మిగనూరు,
ఆగస్టు 9

సంతోషమ్మకు మీ నాయన రాసేది.

సినిమా సూసినా. నీ గుండు సూపిచ్చినావు, సూపిచ్చుకో, నేనేమనను. నా మొగం గూడా ఉండనీ. ఒగటి మాత్రం తప్పు. నాకు కోపమొస్తే మగ్గం ఆగదు, ఇంకా జోరుగా పోతాది. ఆ పొద్దు దారం తెగుతా ఉన్నింది. నీ తలకు కట్టే గుడ్డలవి, మీయమ్మ కొన్నాననింది అవే. పడుగు దారాలకు గంజి పెట్టలే, పెట్టకుంటే దారం నిలబడదు. గంజి పెట్టి నేసి, ఉతికితే పోతాది కదా అని మీయమ్మ అనింది. రవ్వంత మిగిలినా నీకు గుచ్చుకుంటాదని నేనే వద్దన్నా. మూడు గుడ్డలు నేసేకి రెండు నెలలు పట్టింది. నీకు సూదులు పొడుస్తా ఉంటే సూసే గుండె నాకు లేదు. ఈ పనైతే సేతనైతాది, సేసినా. నలభై ఏండ్లు నేసినోనికి నేయను రాలేదంటే ఊర్లో నవ్వుతారు. ఆ మాట తీసెయ్.

గిడ్డయ్య


ఆదోని,
ఆగస్టు 18

మా నాయనకు,

నీ ఉత్తరం చదివి ఆ గుడ్డను ముఖానికి అదుముకుని ఏడ్చాను. కొన్నదనుకునే రెండేళ్లు కట్టుకున్నాను. నా మాట తీసేసి, అక్కడ నీ ఉత్తరం చదివాను.

నిన్న హాలు నిండిపోయింది. మగ్గం ఆగినప్పుడల్లా జనం ఊపిరి బిగబట్టారు. నీ జతగాడు వీరభద్రప్ప మామ అందరికీ వినబడేలా “గంజి లేని పడుగు నేసినాడప్పా, మా వల్ల కాదు” అన్నాడు. ఎంతసేపు చప్పట్లు కొట్టారో! నువ్వు వెనక నిలబడి చూసి, లైట్లు వెలిగేలోపే ఎమ్మిగనూరు బస్సెక్కావట, తమ్ముడు చెప్పాడు. ఇంకాస్త ఉండాల్సింది. పత్తి యార్డులో పనిచేసే లక్ష్మక్కకు ఇప్పుడు మందు ఎక్కిస్తున్నారు. ఆమె లేచి, అందరి ముందూ కొంగు తీసి గుండు చూపించి నవ్వింది. “మీ నాయన నాకూ ఒగటి నేసిస్తాడా?” అని అడిగింది. నిన్నడక్కుండానే మాటిచ్చేశాను.

మొన్నటి పరీక్షలోనూ నాకేమీ లేదన్నారు. గెలిచాం నాయనా. ఆదివారం వస్తున్నాను. పడుగు సిద్ధం చెయ్, గంజి పెట్టకుండా. కెమెరా తేను. దారం తెగినప్పుడల్లా అతకడానికి నీ పక్కన కూర్చుంటాను.

నీ
సంతోషి