నాలుగో హెస్టర్

జనవరి 4, 1983. మంగళవారం

సర్ ఆఫీసులో పంచగా మిగిలిన డైరీ ఒకటి నాకిచ్చారు. పేజీకి ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు అరబిక్. మధ్యలో నా తెలుగు. ఏం రాయాలో తోచలేదు. నడుము నొప్పి అని రాస్తున్నాను.

డైనింగ్ టేబుల్ మళ్ళీ కాగితాలతో నిండిపోయింది. అదంతా మేడమ్ వాళ్ళ వంశం, పాత తరాల పేర్లు. తుడవడానికి లేదు, తీయడానికి లేదు. సముద్రపు గాలికి ఎగిరిపోతాయని తలుపు కూడా తీయనివ్వదు. ఆవిడా సారూ వంటింట్లో కూర్చుని తింటున్నారు. నేను ఎప్పుడూ అక్కడే తింటాను కాబట్టి నాకు తేడా లేదు.

జనవరి 7, శుక్రవారం

సెలవు. ఈ ఊళ్ళోనే కరామా పేటకి వెళ్ళాను. గంగాభవాని అక్కడ ఒక గుజరాతీ వాళ్ళింట్లో వంట చేస్తుంది. వాళ్ళ ఊరూ మా ఊరూ పక్కపక్కనే, తునికి దగ్గర. నన్ను చూడగానే చిక్కిపోయానంది. "ఉన్నది ఇద్దరు మనుషులు కదే ఆ ఇంట్లో, నీకంత అలుపేటే?" అంది. పని వల్ల కాదని చెప్పబోయి మానేశాను. ఆ ఇంట్లో ఒక విషయం మాట్లాడకుండా ఉండడమే పెద్ద పని.

ఇక్కడ రాసుకోవచ్చు. విశాఖపట్నంలో ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసేదాన్ని. వీళ్ళకి పాప పుడుతోందని, చూసుకోవడానికి మనిషి కావాలని నాకు వీసా పంపారు. వీసా కాగితాలు తిరిగి తిరిగి నా చేతికి వచ్చేసరికి పాప పుట్టింది, పోయింది కూడా. నాకెవరూ చెప్పలేదు. విమానం దిగిన రోజు సర్ ఎయిర్‌పోర్టులో నా పెట్టె అందుకుని, బేబీ లేదు, అయినా మీరు రండి అన్నారు.

అప్పటి నుంచీ ఉన్నాను. పాప పేరు నోరా అని కంపెనీ డ్రైవర్ అల్లాబకాష్ చెప్పాడు. ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరు. మేడమ్ పక్క మీద నుంచి లేచిన రోజు నుంచి ఈ కాగితాలు పట్టుకుంది.

జనవరి 19

మేడమ్ పిలిచి పక్కన కూర్చోమంది. ఇంగ్లండ్‌లో వాళ్ళ పిన్ని ఉంది, ఎడిత్ ఆంటీ. రిటైరైన టీచర్. రైలెక్కి పాత చర్చి రిజిస్టర్లు ఉండే ఆఫీసుకి పోతుంది. అక్కడ పెన్ను ముట్టనివ్వరట. పెన్సిల్‌తో ఎత్తి రాసి ఇక్కడికి పంపుతుంది.

ఈసారి నాలుగు చీటీలు వచ్చాయి. నాలుగింటిలోనూ తండ్రి జాన్ గాస్కిన్, తల్లి ఆన్. బాప్టిజం ఇచ్చిన పిల్ల పేరు హెస్టర్. నాలుగింటిలోనూ హెస్టరే. సంవత్సరాలు మాత్రం వేరు.

ఆంటీకి చత్వారం వచ్చింది, ఒకే పిల్లని నాలుగుసార్లు రాసింది అని మేడమ్ నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి చాలా రోజులైంది. నేనూ నవ్వాను.

జనవరి 20

వాషింగ్ మెషీన్ చెడిపోయింది. దుప్పట్లు చేత్తో ఉతికాను. ఇంకేం లేదు.

ఫిబ్రవరి 2

ఆంటీ తప్పు రాయలేదు.

ఇవాళ వచ్చిన కవరులో సమాధి చేసినవాళ్ళ చీటీలున్నాయి. హెస్టర్, పసిబిడ్డ. హెస్టర్, పసిబిడ్డ. హెస్టర్, రెండేళ్ళు. నాలుగోదానికి మాత్రం సమాధి చీటీ లేదు. పోయిన పిల్ల పేరే పుట్టిన పిల్లకి పెట్టుకుంటూ పోయారన్నమాట. ఆ నాలుగో హెస్టర్, మేడమ్ అమ్మమ్మకి అమ్మమ్మ.

మేడమ్ చాలాసేపు ఆ చీటీలు వరసగా పేర్చింది, చెరిపింది, మళ్ళీ పేర్చింది. ఉన్నట్టుండి నా పేరుకి అర్థం ఏమిటని అడిగింది. ఏడాదిన్నరగా నన్ను టావీ అని పిలుస్తోంది. ఇప్పుడు అడిగింది.

చెప్పాను. మా అమ్మకి నా ముందు ముగ్గురు ఆడపిల్లలు పోయారు. నేను పుట్టగానే చాటలో వేసి ఎదురింటావిడకి అమ్మేసింది. నా ఖరీదు దోసెడు తవుడు. సాయంత్రానికి మళ్ళీ తెచ్చుకుంది. తవుడుకి అమ్ముడుపోయిన దాన్ని చావు కూడా కావాలనుకోదని మావాళ్ళ నమ్మకం. అందుకే తవిటమ్మ. ముక్కు కూడా పురుట్లోనే కుట్టించారు.

నా ఇంగ్లీషులో తవుడుకి మాట దొరకలేదు. వంటింట్లోంచి బియ్యం తెచ్చి, దీని మీది పొట్టు అని చూపించాను. మేడమ్ ఆ గింజల్ని వేలితో కదుపుతూ, ఆ ముగ్గురి పేర్లేమిటి అంది.

నాకు తెలీదు. ఇన్నేళ్ళలో అడగాలని కూడా తోచలేదు.

తెలీదనే చెప్పాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. ఐదో నెల. డాక్టరుకీ సర్‌కీ తప్ప ఎవరికీ తెలీదంది. ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, నాకు డిసెంబరులోనే తెలుసు. అయినా ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాను.

ఫిబ్రవరి 11, శుక్రవారం

గంగాభవాని వచ్చే నెల సెలవు మీద ఊరెళ్తోంది. ఊళ్ళో అమ్మ దగ్గరున్న మా అమ్మాయికి గౌను గుడ్డ, అమ్మకి నొప్పుల మందు ఇచ్చాను. అమ్మని ఒకటి అడిగి రావాలి అన్నాను. పోయిన ముగ్గురి పేర్లు అని చెబితే ముఖం అదోలా పెట్టింది. ఇన్నేళ్ళయ్యాక ముసలిదాన్ని ఏడిపించడం దేనికే అంది. నిజమే. ఆ మాట అక్కడితో వదిలేశాను.

బస్సెక్కబోతుంటే, "సర్లే, అడుగుతాలే" అంది.

ఫిబ్రవరి 27

గొడవ. ఈ ఇంట్లో మొదటిసారి.

ఈసారి పాపే పుడితే నోరా అని పెడతానని మేడమ్ అంది. సర్ చేతిలో ఫోర్కు కింద పెట్టేశారు. నేను సింకు దగ్గర ఉన్నాను. ఎటూ పోవడానికి లేదు.

మావాళ్ళు అలాగే చేశారు, నాలుగోసారికి నిలబడింది, ఆ నిలబడినదాని నుంచే నేను వచ్చాను అంది మేడమ్. సర్ గొంతు పెంచలేదు. నోరా ఉంది, ఆ పేరు ఖాళీగా లేదు అన్నారు. ఉంటే నువ్వెందుకు ఒక్కసారి కూడా ఆ పేరు పలకవు అని మేడమ్ అరిచింది. ఆయన కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆయన అన్నదీ నిజం, ఆవిడ అన్నదీ నిజం. గిన్నెలన్నీ రెండోసారి కడిగాను.

మార్చి 9

పోస్టు లేదు. మేడమ్ మూడుసార్లు అడిగింది.

మార్చి 23

ఈ ఊళ్ళో పోస్టు ఇంటికి రాదు. కంపెనీ పెట్టెలో పడుతుంది, అల్లాబకాష్ తీసుకొచ్చి సర్‌కి ఇస్తాడు. ఇవాళ కూరగాయలు దించుతూ, ఆంటీ కవర్లు ఎందుకు రావడం లేదని ఊరికే అడిగాను. అతను అటూ ఇటూ చూశాడు. వస్తున్నాయట. సర్ కారు డాష్‌బోర్డులోనే ఉన్నాయట. ఇంటికి తేవద్దని సారే చెప్పారట.

"నీకెందుకు మా అవన్నీ? నోరు తెరిచినావంటే వీసా ఖలాస్. పొద్దునకి చేతిలో తుని టిక్కెట్టు పెడతారు" అన్నాడు. కడపవాడు. మంచికే చెప్పాడు.

సర్ నా కఫీల్. ఆయన సంతకం మీద ఇక్కడున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నోరు మూసుకుని ఉల్లిపాయలు బుట్టలో పోశాను.

మార్చి 30

మేడమ్ పోస్టు అడిగింది. లేదన్నాను. నా నోటితో నేనే.

ఏప్రిల్ 6, బుధవారం

మేడమ్‌కి బి.పి. ఎక్కువైంది. మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడు. పొద్దున్న చేసిన సూప్ అలాగే ఉంది. మధ్యాహ్నం అన్నమూ అంతే. బయట ఏ కారు హారన్ వినిపించినా తల ఎత్తుతోంది. ఆంటీకి ఏమైనా అయిందేమో, ముసలావిడ కదా అంది. అదొక కొత్త భయం పట్టుకుంది.

నాకు ఇక చేతకాలేదు.

సర్ ఎండ ఉండగానే వచ్చారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని షూలు విప్పుతున్నారు. దగ్గరికెళ్ళి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. సర్, కారులో పేపర్లు. ప్లీజ్ గివ్. షీ ఈజ్ వెయిటింగ్, నాట్ ఈటింగ్.

ఎవరు చెప్పారన్నారు. నేను చెప్పలేదు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. విప్పిన షూ మెట్టు మీద పెట్టారు. ఆ కవర్లలో ఇంకెంతమంది చచ్చిపోయిన పిల్లలున్నారో టావీ, ఆమె ఈ పరిస్థితిలో అవి చదవడం నేను చూడలేను అన్నారు.

తర్వాత చెప్పినది ఆయన నాకు చెప్పారో, ఆరేసిన బట్టలకి చెప్పారో తెలీదు. నోరా పోయినప్పుడు మేడమ్ ఆసుపత్రిలోనే ఉందట. ఆయన ఒక్కరే తిరిగారట. ఆసుపత్రి ఆఫీసు, పోలీసు స్టేషన్, ఎంబసీ, శ్మశానం వాళ్ళు. ప్రతి కిటికీ దగ్గరా పేరు అడిగేవారట. ప్రతిచోటా ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాలి. ఎన్, ఓ, ఆర్, ఏ. ఒకచోట అరబ్బు ముసలాయన ఒకాయన ఉన్నాడట. రాస్తూ ఆగి, నూరా, ఇది మా పేరు కూడా కదా, మా మనవరాలి పేరు, వెలుగు అని అర్థం అన్నాడట. కుర్చీ వేయించి టీ తెప్పించాడట. అంతవరకూ ఏడవని మనిషి అక్కడ ఏడ్చారట.

ఆ పేరు పలికితే నాకు ఆ కిటికీలే కనిపిస్తాయి, అది ఆమెకి ఎలా చెప్పను అన్నారు.

నాకు చెప్పినట్టే చెప్పండి అనాలనుకున్నాను. ఇంగ్లీషు రాలేదు. షీ ఈజ్ మదర్ అన్నాను. అంతే వచ్చింది.

ఏప్రిల్ 7

సర్ ఆఫీసుకి వెళ్ళలేదు. కారులోంచి కవర్లన్నీ తెచ్చారు. బీరువా పైనుంచి ఇంకో గోధుమరంగు కవరు కూడా దించారు. బెడ్‌రూమ్ తలుపు వేసుకున్నారు. మేడమ్ ఏడుపు వినిపించింది. తర్వాత ఆయనది. తర్వాత చాలాసేపు మామూలు మాటలు.

మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచారు. సూప్ గిన్నె ఖాళీగా ఉంది.

మేడమ్ ఒక పేజీ చూపించింది. 1881 సెన్సస్. కిందటేడే అందరినీ చూడనిచ్చారట, ఆంటీ లండన్ పోయి మరీ చూసిందట. ఆ ఇంట్లో ఆ రోజున్న వాళ్ళందరి పేర్లూ వరసగా ఉన్నాయి. అన్నిటికంటే పైన ఆ నాలుగో హెస్టర్. విడో. వయసు నలభై అయిదు. పని, లాండ్రెస్. కింద పిల్లలు, మొత్తం ఏడుగురు.

"బట్టలుతికేదట టావీ" అంది మేడమ్. చేత్తోనా, మెషీనా అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను నిజంగానే అడిగాను.

గోధుమరంగు కవరులోది నోరా కాగితం. అరబిక్‌లో ఉంది, పైన స్టాంపులు. మేడమ్ దాన్ని మొదటిసారి చూస్తోంది. పేరు ఎక్కడుందో సర్ వేలు పెట్టి చూపించారు, కుడివైపు నుంచి. వంశవృక్షం గీసిన పెద్ద చార్టు నా చేత తెప్పించారు. గాస్కిన్‌లందరూ ఉన్నారు. అట్టడుగున డెరెక్, జిలియన్ అని వీళ్ళ పేర్లు, దాని కింద ఏమీ లేదు. మేడమ్ అక్కడ నోరా అని రాసింది. తారీఖులు సర్ చెప్పారు, కాగితం చూడకుండా.

నీకు కావాలంటే ఆ పేరే పెట్టుకుందాం అన్నారు సర్. మేడమ్ వద్దంది.

నేను వెళ్ళి బట్టలు తీశాను. బిగుసుకుపోయాయి.

మే 20

తలుపు పిడి ముట్టుకుంటే కాలుతోంది. మేడమ్ కాళ్ళు వాచాయి. నావీ.

జూన్ 14, మంగళవారం

పాప. తెల్లవారుతుండగా. తల్లీ పిల్లా బాగున్నారు. ఆసుపత్రి వరండాలో అల్లాబకాష్, నేనూ కూర్చున్నాం. అతను ఉపవాసంలో ఉన్నాడు. నర్సు వచ్చి చెబితే, సర్ నా చెయ్యీ అతని చెయ్యీ పట్టుకుని ఊపేశారు. పాపని నా చేతికే ముందు ఇచ్చారు. బరువుంది. నన్ను తెప్పించింది ఈ పనికే.

జూన్ 24

పేరు పెట్టారు. ఇమోజెన్. మేడమ్ పక్క మీద కూర్చుని చీటీలన్నీ తిరగేసి, రెండు వైపులా ఎవరికీ లేని పేరు చూసి మరీ పెట్టింది. నాకు నోరు తిరగడం లేదు. బుజ్జి అంటున్నాను. సర్ కూడా బుజ్జి అంటున్నారు.

నిద్ర లేదు. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడు నిజంగా ఒళ్ళు అలిసిపోతోంది.

జూలై 1, శుక్రవారం

గంగాభవాని వచ్చేసింది. అమ్మాయి గౌను కుట్టించుకుందట. అమ్మ ఆవకాయ పంపింది. జాడీ మూతకి కట్టిన గుడ్డ అమ్మ పాత చీరది. ఆవకాయ తింటూ గంగాభవాని చెప్పింది.

"నేనడిగితే మీ అమ్మ బియ్యం ఏరడం ఆపలేదే. రాళ్ళు తీస్తానే ఉంది. ఇద్దరికి పేరెట్టలేదు, పురిట్లోనే పోయారు అంది. మూడోదాని పేరు నాగరత్నం అంది. ఎన్నాళ్ళు బతికిందత్తా అంటే, నడిసింది అంది. అరుగు దిగి నడిసొచ్చేసేది అంది. అంతే, సాట లోపలెట్టేసి, తవిటమ్మకేం సెప్పకు అంది. మళ్ళీ నేనెల్లిపోతంటే సందు సివరిదాకా వచ్చి, సెప్పులే అంది."

ముగ్గురూ పురిట్లోనే పోయారనుకున్నాను ఇన్నాళ్ళూ.

బస్సులో ఏడుపు రాలేదు. దిగాల్సిన చోట దిగలేదు. వెనక్కి నడిచి వచ్చాను.

జూలై 3

నాగరత్నం ఇవాళంతా ఇంట్లో నడుస్తూనే ఉంది. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి. కాళ్ళకి అడ్డం పడుతున్నా తప్పుకోమనలేదు.